పత్తిగింజల నూనె మీద పూర్తి నిజం రాయించండి: గుంటూరు నుంచి ఒక బహిరంగ లేఖ

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ చైర్‌పర్సన్ గారికి, ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి, ఆంధ్రప్రదేశ్ ఆహార భద్రతా కమిషనర్ గారికి,

నమస్కారం.

గుంటూరులో పచ్చళ్లు, పొడులు, కారప్పూస, చెక్కలు చేసి అమ్ముకునే చిన్న యూనిట్ మాది. మీరిచ్చిన 14 అంకెల నంబరు మా ప్రతి ప్యాకెట్ మీదా ఉంటుంది. ఏ దినుసు ఎక్కువ పడితే అది ముందు వచ్చేలా వరుసగా రాస్తాం. వేరుశనగపప్పు తగిలితే ఎలర్జీ హెచ్చరిక రాస్తాం. ఆకుపచ్చ చుక్క వేస్తాం. తయారుచేసిన తేదీ, నిలవ ఉండే కాలం, నికర బరువు అన్నీ ఉంటాయి. ఇవన్నీ రాయమన్నందుకు నాకు ఏనాడూ విసుగు పుట్టలేదు. డబ్బిచ్చి కొనుక్కుని తినేవాళ్లకు లోపల ఏముందో తెలియాలి.

కానీ ఒక్క ప్రశ్నకు మాత్రం నేను జవాబు రాయలేకపోతున్నాను. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న పిల్లలకు పార్సిళ్లు కట్టే తల్లిదండ్రులు మా దగ్గరకు వస్తుంటారు. "మీ నూనె జీఎం కాదు కదండీ? మా కోడలు కనుక్కోమంది" అంటారు. జీఎం అంటే జన్యుమార్పిడి చేసిన పంటది అని. ఈమధ్య ఊళ్లోవాళ్లు కూడా అడుగుతున్నారు. ఆవకాయ, గోంగూర వరకు నాకు టెన్షన్ లేదు. వాటిలో నువ్వుల నూనె, వేరుశనగ నూనె వాడతాం. జన్యుమార్పిడి నువ్వులకు గానీ వేరుశనగకు గానీ మన దేశంలో సాగు అనుమతి లేదు. కారప్పూస దగ్గరకు వచ్చేసరికి నోరు ఆగిపోతుంది. పట్నంబజారులో దొరికే రిఫైన్డ్ నూనె టిన్నుల్లో కొన్ని అచ్చంగా పత్తిగింజల నూనె. కొన్ని మిశ్రమాల్లో అదొక పాలు. ఆ పత్తి ఏ పత్తి అన్నది మాత్రం టిన్ను మీద ఉండదు. కొట్టాయన్ని అడిగితే మిల్లు పేరు చెబుతాడు. మిల్లులో అడిగితే గింజలు, పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు నుంచి వస్తాయంటారు. అక్కడితో ఆగిపోతుంది.

నిజానికి అది ఏ పత్తో ప్రత్తిపాడు నుంచి మాచర్ల దాకా ఎవరికీ చెప్పక్కర్లేదు. 2002 మార్చిలో జీఈఏసీ, అంటే జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ, బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి జన్యువును తెచ్చి పత్తిలో పెట్టారు. దాంతో కాయతొలుచు పురుగును చంపే ప్రొటీన్ మొక్కలోనే తయారవుతుంది. 2006లో రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి దేశంలో పత్తి వేసే నేలలో 90 శాతానికి అటూఇటుగా బీటీయే అయింది. మన దేశంలో రైతు చేతికి చట్టబద్ధంగా వచ్చిన జీఎం పంట ఇప్పటికీ ఇదొక్కటే.

పత్తిని అందరూ బట్టల పంట అనుకుంటారు. జిన్నింగు మిల్లులో నిలబడి చూస్తే అసలు లెక్క తెలుస్తుంది. క్వింటా పత్తిలో దూది మూడో వంతు, కాస్త పైన. మిగతాదంతా దాదాపు గింజే. ఆ గింజ నూనె మిల్లుకు పోతుంది. నూనె రిఫైనరీకి వెళ్లి మన బాండీలోకి వస్తుంది, నూనె తీశాక మిగిలిన చెక్క గేదెల తొట్టిలోకి వెళుతుంది. అంటే బరువులో ఎక్కువ భాగం తిండి దారే పడుతోంది. జీఎం ఆహారం మన దేశంలోకి రావాలా వద్దా అని టీవీలో వాదించుకుంటున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. 20 ఏళ్లకు పైగా అది మన వంటింట్లోనే ఉంది.

ఈ మాట నేను కనిపెట్టింది కాదు, కేంద్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు చెప్పింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో తయారైన జీఎం ఆవాలు, డీఎంహెచ్-11, మీద 2022లో కేసు నడుస్తున్నప్పుడు ప్రభుత్వం ఒక వాదన పెట్టింది. దేశంలో ఏటా సుమారు 12 లక్షల టన్నుల పత్తిగింజల నూనెను జనం ఇప్పటికే తింటున్నారు, జీఎం సోయా నూనె దిగుమతి అవుతూనే ఉంది, కాబట్టి భయం అర్థం లేనిది అని. ఆ వాదనలో తప్పుందని నేననను. కానీ న్యాయమూర్తులకు ధీమాగా చెప్పిన సంగతిని ఆ 12 లక్షల టన్నులూ తిన్నవాళ్లకు ఏ సీసా మీదా ఎందుకు చెప్పలేదు? తిన్నది మేము. తిన్నామన్న సంగతి కోర్టు కాగితాల్లోంచి తెలుసుకోవాల్సి వచ్చింది.

చట్టం లేక ఇలా జరిగిందనుకోవడానికీ లేదు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 22వ సెక్షన్ జీఎం ఆహారాన్ని పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. నిబంధనలు అనుమతించినట్టు తప్ప తయారుచేయకూడదు, అమ్మకూడదు, దిగుమతి చేయకూడదు అంటుంది. 2012లో వినియోగదారుల వ్యవహారాల శాఖ తూనికలు, కొలతల నియమాలను సవరించింది. జీఎం ఆహారం ఉన్న ప్రతి ప్యాకెట్ ముందుభాగంలో పైన 'జీఎం' అని ఉండాలని, 2013 జనవరి 1 నుంచి అమలు అని ప్రకటించింది. వ్యాపారం కోసం ఎన్ని కొట్లు తిరిగి ఎన్ని టిన్నులు చేతిలోకి తీసుకున్నానో, ఆ రెండక్షరాలు మాత్రం నా కంటపడలేదు. 2021 నవంబరులో మీ సంస్థే ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. ఒక శాతం, అంతకు మించి జీఎం పదార్థం ఉంటే లేబుల్ మీద చెప్పాలన్నది. మరుసటి ఏడు ఇంకో ముసాయిదా వచ్చింది. 2024 జూలై 23న జీఎం ఆవాల కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ భిన్నమైన తీర్పులిచ్చారు. అయినా జాతీయ విధానం ఒకటి కావాలన్న దగ్గర ఇద్దరి మాటా ఒకటే. జీఎం ఆహారం, అందులోనూ ముఖ్యంగా జీఎం వంటనూనెల దిగుమతిలో ఆహార భద్రత చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్యాకింగ్, లేబులింగ్ నియమాలు పాటించి తీరాలన్న దగ్గరా ఒకటే. ఇంతమంది ఇన్నిసార్లు చెప్పాక కూడా సీసా అలాగే ఉంది.

ఇక అసలు గొడవకు వస్తాను. జీఎం తిండి మంచిదా, చెడ్డదా?

నేను శాస్త్రవేత్తను కాను. చదివి అర్థం చేసుకున్నది చెబుతాను. 2016లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు వందల పరిశోధనలు పరిశీలించి పెద్ద నివేదిక ఇచ్చాయి. మామూలు పంటల తిండితో పోలిస్తే జన్యుమార్పిడి పంటల తిండి వల్ల మనిషి ఆరోగ్యానికి ఎక్కువ ముప్పు ఉందనడానికి నిలబడే ఆధారం కనిపించలేదన్నాయి. ఇప్పుడు మార్కెట్లో ఉన్నవి భద్రతా పరీక్షలు దాటివచ్చినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. జీఎం మొక్కజొన్న తిన్న ఎలుకలకు పెద్ద పెద్ద కణితులు లేచాయంటూ ఫ్రాన్స్ నుంచి 2012లో ఒక పేపర్ వచ్చింది. అందులో చూపిన ఎలుకల సంఖ్య, రకం ఆ నిర్ణయాలకు చాలవని మరుసటి ఏడే ఆ పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఎలుకల ఫొటోలు మాత్రం వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్నాయి. వాటిని పంపేవాళ్లను నేను సమర్థించను.

పత్తి నూనె సంగతే తీసుకుంటే, బీటీ ప్రొటీన్ పురుగు పేగులోని క్షార గుణంలో కరిగి, ఆ పేగు గోడకున్న ప్రత్యేకమైన చోట్ల అంటుకుని పనిచేస్తుంది. మన పేగులో ఆ చోట్లు లేవు. పైగా బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రొటీనే దాదాపు మిగలదు. పత్తిగింజలో గాసిపాల్ అనే సహజ విషం ఉంటుంది, రిఫైన్ చేసేది ముఖ్యంగా దాన్ని తీసేయడానికే. అది బీటీ రాకముందూ ఉంది. అమెరికాలో టెక్సస్ శాస్త్రవేత్తలు జన్యువులను మార్చే గింజలో ఆ గాసిపాల్‌ను తగ్గించారు, 2019లో అక్కడి ఆహార సంస్థ దాన్ని తినడానికి ఒప్పుకుంది. అంటే ఈ విద్యతో మేలూ జరగొచ్చు. కాబట్టి పత్తి నూనె తిని ఫలానావాళ్లకు జబ్బు చేసిందని నేను ఈ లేఖలో ఎక్కడా చెప్పను. 2006లో వరంగల్ జిల్లాలో బీటీ పత్తి చేలలో మేసిన గొర్రెలు చచ్చిపోయాయని కాపరులు మొత్తుకున్నారు. బీటీయే కారణమని జీఈఏసీ ఒప్పుకోలేదు. ఆ కాపరుల గోడును తేలిగ్గా తీసిపారేయడం నాకు చేతకాదు. రుజువు కాని దాన్ని రుజువైనట్టు రాయడం కూడా చేతకాదు.

అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే చోట ఇంకో మాట కూడా అంటుంది, దాన్ని ఎవరూ గట్టిగా చదవరు. జీఎం ఆహారాలన్నిటి గురించీ ఒకే మాట చెప్పడం కుదరదు, దేనికది విడిగా పరీక్షించాలి అని. దీనికి రెండు సంఘటనలు ఎప్పుడూ నా మనసులో ఉంటాయి. 1990లలో ఒక విత్తన కంపెనీ పశువుల మేత బలంగా ఉండాలని బ్రెజిల్ నట్ జన్యువును సోయాలో పెట్టింది. పరీక్ష చేస్తే, ఆ గింజ పడని మనుషుల రక్తం ఈ సోయాకు కూడా స్పందించింది. కంపెనీ దాన్ని అక్కడే ఆపేసింది. బజారుకు రాలేదు. రెండోది స్టార్‌లింక్ మొక్కజొన్న. ఎలర్జీ అనుమానంతో అమెరికా దాన్ని పశువుల దాణాకు మాత్రమే అనుమతించింది. 2000 సెప్టెంబరులో అది మనుషులు తినే టాకో రొట్టెల్లో దొరికింది. వందల రకాల సరుకులు కొట్లలోంచి వెనక్కి లాగాల్సి వచ్చింది. జబ్బు చేసిందన్నవాళ్లను పరీక్షించినప్పుడు ఆ ప్రొటీనే కారణమని తేలలేదు, నిజమే. కానీ దాణా గింజ మనిషి కంచంలోకి ఏ దారిన వచ్చిందో ముందే ఎవరికీ తెలియలేదు. మొదటిదాన్ని పరీక్ష ఆపింది. రెండోది జాడ రాసుకునే పద్ధతి లేక తప్పించుకుంది.

అయ్యా, మన జిల్లాల్లో అలాంటిది ఇప్పటికే జరుగుతోంది. కలుపు మందు కొట్టినా చావని పత్తి విత్తనాన్ని ఊళ్లలో బీజీ-3 అనీ, రకరకాల పేర్లతోనూ అమ్ముతున్నారు. దానికి ఈ దేశంలో అనుమతి లేదు. అనుమతి కోసం పెట్టిన దరఖాస్తును కంపెనీ 2016లో వెనక్కి తీసుకుంది. అయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్‌లలో అది పాకిపోయిందని తర్వాత కేంద్రం వేసిన కమిటీయే తేల్చింది. 2018లో మన రాష్ట్రం గ్లైఫోసేట్ అనే ఆ కలుపు మందు అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది కూడా ఇందుకే. ఖరీఫ్ మొదలయ్యే ముందు సంచులు పట్టుకున్నారని పేపర్లో వస్తుంది. పట్టుకోని సంచుల సంగతి? ఆ చేలోని పత్తి కూడా అదే జిన్నింగుకు వస్తుంది, ఆ గింజ అదే నూనె మిల్లుకు వెళుతుంది, ఆ చెక్క అదే గేదె తింటుంది. బీటీ పత్తి గురించి కనీసం పరీక్షల కాగితాలున్నాయి. ఈ గింజను మన దేశంలో ఏ సంస్థా తిండిగా పరీక్షించి సరేనన్నది లేదు. రైతును నేను తప్పుపట్టను. కలుపు కూలి ఎంతవుతోందో మా ఇంట్లోనూ తెలుసు. గులాబీరంగు పురుగు బోల్‌గార్డ్-2కు అలవాటు పడిపోయాక పురుగుమందు ఖర్చు మళ్లీ నెత్తిన పడింది. రైతు ఏదో ఒకచోట ఖర్చు తగ్గించుకోవాలని చూస్తాడు. కానీ మిల్లుకు చేరే గింజ ఏమిటో అడిగే పద్ధతి అంటూ ఒకటి ఉంటే, రాసుకునే పుస్తకం అంటూ ఉంటే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో మీకు తెలుస్తుంది. ఇవాళ తెలియదు.

లేబుల్ పెడితే జనం లేనిపోని భయం పడతారని అంటారు. ఆకుపచ్చ చుక్క, గోధుమరంగు గుర్తు ఎందుకు పెట్టారు? మాంసం విషమనా? కాదు. కొందరు తింటారు, కొందరు తినరు, ఎవరి కారణాలు వాళ్లకున్నాయి, వాటికి విలువ ఇవ్వాలి అని. కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి లేకుండా పొడులు చేసిమ్మని అడిగేవాళ్లకు మేము విడిగా దంచి, ప్యాకెట్ మీద రాసి ఇస్తాం. ఉల్లిపాయ ప్రమాదకరమని పరిశోధన చూపించమని వాళ్లను అడగం. జీఎం వద్దనుకునేవాళ్లలో ఆరోగ్యం గురించి ఆలోచించేవాళ్లున్నారు, విత్తనం మీద కంపెనీల పట్టు నచ్చనివాళ్లున్నారు, ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లున్నారు, ఊరికే వద్దనిపించేవాళ్లూ ఉన్నారు. వద్దనుకునే స్వేచ్ఛ అందరిదీ. బ్రెజిల్ దేశంలో పసుపు త్రికోణంలో 'టీ' అక్షరం వేసి జీఎం సరుకులు అమ్ముతున్నారు. ఆ దేశం జీఎం సోయా పండించడంలో ప్రపంచంలో ముందువరసలోనే ఉంది, తినడమూ మానలేదు. దాచిపెట్టింది తర్వాత బయటపడితే పుట్టే భయమే మనిషిని ఎక్కువ కాలం పట్టుకుంటుంది. 2009 అక్టోబరులో జీఈఏసీ బీటీ వంకాయకు ఊ అన్నప్పుడు జరిగింది చూశాం. దేశంలో ఏడుచోట్ల, హైదరాబాద్‌తో సహా, బహిరంగ సభలు పెట్టి జనం మాట విన్న తర్వాత అప్పటి మంత్రి జైరాం రమేశ్ గారు 2010 ఫిబ్రవరి 9న దాన్ని నిలిపేశారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న వాదన ఇంకా నడుస్తోంది. బంగ్లాదేశ్ రైతులు 2014 నుంచి ఆ వంకాయ పండిస్తూనే ఉన్నారు. కానీ ఆ సభల్లో కోపంగా లేచినవాళ్లలో చాలామంది అడిగింది, మాకు చెప్పకుండా ఎందుకు అని.

నా ముఖ్యమైన విన్నపం ఇప్పుడు చెబుతాను. దయచేసి దీన్ని ఓపికగా చదవండి.

చివరి సరుకులో మార్చిన డీఎన్ఏ దొరికితేనే లేబుల్ వేయాలి, దొరక్కపోతే అక్కర్లేదు అన్న పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. జపాన్‌లో నూనెకు, సోయా సాస్‌కు మినహాయింపు అందుకే వచ్చింది. 2022లో అమల్లోకి వచ్చిన అమెరికా నిబంధన కూడా బాగా శుద్ధి చేసిన నూనెలను ఇదే కారణంతో వదిలేసింది. మన దగ్గర కూడా అలాగే పెట్టమని ఎవరైనా అడగొచ్చు. దానికి ఒప్పుకోవద్దని వేడుకుంటున్నాను. మన జనం నేరుగా తినే జీఎం దాదాపుగా నూనె రూపంలోనే ఉంది. రిఫైన్ చేసిన నూనెలో డీఎన్ఏ దొరకడం కష్టం. ఆ నియమం పెడితే చట్టం పుస్తకంలో ఉంటుంది, రాయాల్సిన సీసా మాత్రం బజారులో ఒక్కటీ ఉండదు.

పైగా అది నిలకడ లేని కొలత. 2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 65 రకాల ఆహార నమూనాలు పరీక్ష చేయిస్తే 32 శాతంలో జీఎం ఆనవాళ్లు దొరికాయి. వాటిలో చాలావరకు దిగుమతి సరుకులు, మిగిలినవి మన పత్తిగింజల నూనెలు. అంటే ఎంత శుద్ధి చేశారన్నదాన్ని బట్టి ఒక సీసాలో దొరుకుతుంది, పక్క సీసాలో దొరకదు. రెండూ ఒకే చేలోని గింజవైనా సరే. అలాంటప్పుడు ఆ పరీక్ష కొనేవాళ్లకు ఏం చెబుతున్నట్టు?

యూరప్ 2003లోనే ఈ చిక్కు విప్పింది. డీఎన్ఏ దొరికినా దొరక్కపోయినా, జీఎం గింజ నుంచి వచ్చిన నూనె అయితే సీసా మీద రాయాలి. అనుకోకుండా కలిసిన 0.9 శాతం లోపు జాడలకే మినహాయింపు. పుట్టుకను బట్టి లేబుల్ అన్నమాట. ఇది మనకు కొత్తేమీ కాదు. సేంద్రియ ఆహారానికి జైవిక్ భారత్ ముద్ర వేసుకోవడానికి 2017లో మీరే నిబంధనలు తెచ్చారు. ఒక కందిపప్పు సేంద్రియంగా పండిందో లేదో గింజను చూసి పూర్తిగా తేల్చే పరీక్ష ఏదీ లేదు. చేను దగ్గర నుంచి రాసుకున్న లెక్కలను నమ్మి ముద్ర ఇస్తున్నారు. మా గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు వచ్చిందీ పుట్టిన నేలను బట్టే. మిర్చియార్డులో ఎగుమతిదారులను అడగండి. యూరప్‌కు వెళ్లే కాయకు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎంత, ఏ మందు అవశేషం ఎంత, సరుకు ఎక్కడిది అని ఎన్ని కాగితాలు కట్టాలో వాళ్లు చెబుతారు. పరాయి దేశపు కొనుగోలుదారు అడిగితే మన దగ్గర ఆ వ్యవస్థ పుట్టింది. మన వాళ్లు అడిగితే మాత్రం కుదరదంటే ఎలా?

ఖర్చు గురించి నేను మాట్లాడగలను, ఎందుకంటే ఆ ఖర్చు పడేది నా లాంటివాళ్ల మీదే. ప్రతి టిన్నూ ల్యాబ్‌కు పంపమంటే మా యూనిట్ మూసుకోవాల్సిందే. కానీ పత్తి విషయంలో పరీక్షే అక్కర్లేదు. దేశంలో పత్తి దాదాపు అంతా బీటీయే కాబట్టి, పత్తిగింజల నూనె అంటే జన్యుమార్పిడి పత్తిది అనే లెక్క పెట్టి అన్ని సీసాల మీదా, టిన్నుల మీదా రాయమనండి. మిశ్రమ నూనె అయితే ఏ నూనె ఎంత శాతమో ఇప్పటికే రాయాలి కాబట్టి, ఆ పక్కనే ఈ మాట చేరుతుంది. మాది సేంద్రియ పత్తి, నాటు పత్తి అనేవాళ్లు ఆధారం చూపి ఆ మాట తీసేయించుకుంటారు. నిరూపించుకునే భారం, లాభం రెండూ వాళ్లవే. అచ్చు ఖర్చు తప్ప మిల్లులకు కొత్త ఖర్చు లేదు. టిన్ను మీద ఉంటే దాన్ని చూసి నేను నా ప్యాకెట్ మీద రాస్తాను. దిగుమతి సోయా నూనెకూ ఇదే దారి. అర్జెంటీనా, బ్రెజిల్‌లో సోయా దాదాపు మొత్తం జీఎం. ఓడ ఏ దేశం నుంచి వచ్చిందో కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో కాగితాల్లో ఉంటుంది. 2021 నుంచి 24 రకాల పంటలు దిగుమతి చేసేవాళ్లు జీఎం కాదన్న ధ్రువపత్రం తేవాలని మీరే నియమం పెట్టారు. సోయా గింజ ఆ జాబితాలో ఉంది, సోయా నూనె లేదు. నూనె సంగతి అడగడానికి మీ దగ్గర మనుషులున్నారు, కాగితాలున్నాయి.

అన్నిటికీ లేబుల్ వేయమని కూడా నేను అడగడం లేదు. 2021 ఆగస్టులో కోళ్ల దాణా కోసం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతించింది. మన రాష్ట్రం గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి వరుసలో ఉంది, కాబట్టి ఆ మాట ఇక్కడ బాగా వినపడింది. అయినా ఆ దాణా తిన్న కోడి గుడ్డు మీద రాయమనను. యూరప్‌లో కూడా అది రాయరు. బజ్జీల బండి దగ్గర బాండీ పక్కన బోర్డు పెట్టమనీ అనను. సీసా, టిన్ను, ప్యాకెట్ వరకు మొదలుపెట్టండి.

ఇంకో సంగతి ఉంది, ఇది మా ప్రాంతానిది కాబట్టి చెప్పకుండా ఉండలేను. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలు ప్రకటించింది. వాటిలో కమల అనే డీఆర్ఆర్ ధాన్ 100ను హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి తయారుచేసింది. రెండోదానికి మూలం మారుటేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు. సాంబ మసూరి అంటే బీపీటీ 5204, బాపట్లలో పుట్టిన రకం. మా ఇళ్లలో అన్నం అంటే అదే. ఇందులో బయటి జీవి జన్యువు ఏదీ లేదు, వరిలో ఉన్న జన్యువునే సరిదిద్దారు. అందుకే 2022 మార్చిలోనే కేంద్రం ఇలాంటి రకాలకు జీఎం నియమాల నుంచి మినహాయింపు ఇచ్చింది. పంట త్వరగా చేతికొస్తుంది, నీళ్లు తక్కువ పడతాయి అంటున్నారు. అదే జరిగితే కాలువ చివరి భూముల రైతుకు ఎంతో మేలు, సంతోషిస్తాను. దీన్ని బీటీ పత్తితో ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం. కానీ విత్తన సంచి మీద అది సవరించిన రకమని స్పష్టంగా రాయించండి. బీపీటీ పేరుతోనే కలిపేసి అమ్మితే, రేపు తేడా చెప్పలేని పరిస్థితి బియ్యం కొట్లోనూ వస్తుంది. నూనె విషయంలో 20 ఏళ్లు ఆలస్యమైంది. బియ్యం విషయంలో మొదటి పంట నుంచే పద్ధతిగా ఉండొచ్చు కదా.

భాష సంగతి కూడా చూడండి. లేబుల్ మీద ఇంగ్లిష్ గానీ హిందీ గానీ ఉంటే చాలని నియమం. మా దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది తెలుగు తప్ప చదవలేరు. చుక్కలాగా చూడగానే తెలిసే గుర్తు ఒకటి పెట్టి, కింద రాష్ట్ర భాషలో ఒక వాక్యం తప్పనిసరి చేయండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో కాకుండా ముందువైపు, పేరు పక్కన.

కమిషనర్ గారూ, మీకు విడిగా ఒక మనవి. కేంద్రం తుది నిబంధనలు తెచ్చేదాకా రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనిలేదు. మన జిల్లాల్లో పత్తిగింజల నూనె తీసే మిల్లులను పిలిచి మాట్లాడండి. స్వచ్ఛందంగా రాసేవాళ్లకు మీ శాఖ తోడుంటుందని చెప్పండి. తూనికలు, కొలతల శాఖ ఒకవైపు, మీ శాఖ ఒకవైపు ఉండి, 2013 నాటి 'జీఎం' నియమం ఎవరి బాధ్యతో మా లాంటివాళ్లకు అర్థం కావడం లేదు. ఆ నియమం ఇప్పుడు ఎవరు అమలు చేయాలి, ఇన్నేళ్లలో ఎవరినైనా అడిగారా అన్నది రాతపూర్వకంగా చెప్పండి. చైర్‌పర్సన్ గారూ, 2021లో మొదలైన ముసాయిదా ఎప్పటికి తుది రూపం తీసుకుంటుందో, అందులో నూనె లోపల ఉంటుందో బయట ఉంటుందో ఒక తేదీతో ప్రకటించండి.

మా వరకు మేము ఆగదలుచుకోలేదు. ఇకనుంచి పత్తిగింజల నూనె కలిసిన దాంట్లో వేయించిన ప్రతి కారప్పూస, చెక్కల ప్యాకెట్ మీద దినుసుల వరుసలో "పత్తిగింజల నూనె, జన్యుమార్పిడి పత్తి నుంచి వచ్చి ఉండవచ్చు" అని తెలుగులో, ఇంగ్లిష్‌లో అచ్చు వేయించాలనుకుంటున్నాం. ఇలా రాయడం మీ నిబంధనలకు విరుద్ధమైతే ఏ నిబంధనో చెప్పండి. రాయొచ్చు అంటే ఏ మాటలు వాడాలో మీరే ఖరారు చేసి పంపండి. కొత్త కవర్లు అచ్చుకు ఇచ్చేలోపు మీ జవాబు అందితే ఆ మాటలే వేయిస్తాం.

ఇట్లు,
గుంటూరు బ్రాడీపేట నుంచి
ఒక పచ్చళ్ల తయారీదారు